ఇంటిల్లిపాదీ అరకు కొండలకు

విశాఖ రేవును ఆనుకుని మూడు చిన్న కొండలున్నాయి. ఒకదానిపై ఇస్హాఖ్ మదీనా దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి, మరొకదానిపై వేంకటేశ్వరుని ఆలయం. కాస్త అవతల సముద్రంలోకి ముక్కు చాచిన డాల్ఫిన్స్ నోస్. అనుదినం కొండలను చూస్తూ బతికే నగరమిది. అయినా ఉక్కునగరం క్వార్టర్లలోనూ వన్‌టౌన్ సందుల్లోనూ పాతికేళ్ళుగా కాపురముంటున్న మన ఇల్లాళ్ళలో అనంతగిరి చల్లగాలి ఎరిగినవారు ఎందరున్నారు? మగపిల్లలు స్నేహితులను కూడగట్టుకుని ఏటా మోటారు సైకిళ్ళపై వెళ్ళివస్తూనే ఉంటారు. ఆడవారికి మాత్రం ప్రయాణమంటే పెళ్ళి, పురుడు, పరామర్శ. అక్కడికి చేరాక కూడా వంటింటి పనే ఎదురవుతుంది.

వినోదయాత్ర ధార్మిక కుటుంబాలకు తగదని కొందరు పెద్దలు అంటుంటారు. మేము ఆ మాటతో ఏకీభవించలేము. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (సఅసం) సహచరులను ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్న ఉదంతం హదీసు గ్రంథాలలో నమోదై ఉంది. ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత మరో ప్రయాణంలో ఆయన గెలిచి, ఆ పందేనికి ఈ పందెం చెల్లు అని నవ్వారు. భార్యను వెంటబెట్టుకుని వెళ్ళి ఆమెను సంతోషపెట్టడం మన పెద్దలు ఎరుగని విషయం కాదు.

అరకు లోయ విశాఖకు సుమారు 115 కిలోమీటర్లు. 2022 నుండి అది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డులో కారుపైనా వెళ్ళవచ్చు గాని, పిల్లలున్న ఇంటివారికి రైలే మేలు. ఘాట్ మలుపుల్లో వాంతులతో సతమతమయ్యే పిల్లవాడికి లోయ అందాలు ఏం కనిపిస్తాయి? కిరండూల్ వెళ్ళే రైలు విశాఖలో ఉదయం ఏడు గంటల లోపే బయలుదేరుతుంది. ఫజ్ర్ నమాజు ముగించుకుని, రొట్టెలూ కూరా మూటగట్టుకుని స్టేషనుకు చేరితే చాలు. అరకు చేరడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. 2017లో ఈ మార్గంలో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టెను ప్రవేశపెట్టారు. దాని టిక్కెట్టు ఖరీదెక్కువ. సాధారణ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికినా కనిపించే కొండలు అవే.

ఈ రైలుమార్గం యాత్రికుల కోసం వేసినది కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో కొత్తవలస నుండి కిరండూల్ వరకు కొండలను తొలిచి నిర్మించారు. మొత్తం 58 సొరంగాలు. తర్వాతి కాలంలో మన ఉక్కు కర్మాగారపు కొలుములకూ ఆ గనుల ఖనిజమే వచ్చింది. కనుక ఉక్కునగరం పిల్లలకు దారిలో ఎదురయ్యే గూడ్సు బండ్లను చూపించి, నాన్న జీతం ఏ దారిన దిగివస్తుందో చెప్పవచ్చు. శివలింగపురం దాటాక సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పిల్లలను లెక్కపెట్టమంటే ఇరవై దాటాక తప్పకుండా తగవు వస్తుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, ఆపైన శిమిలిగుడ. ఆ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్ళం మధ్యాహ్నం కాకముందే దాదాపు కిలోమీటరు ఎత్తుకు చేరుతామన్నమాట.

బొర్రా గుహలను చూడదలచినవారు ముందే దిగాలి. అవి సున్నపురాతి గుహలు. వాననీరు రాతి పగుళ్ళలోకి ఇంకి, సున్నాన్ని కరిగించుకుని, పైకప్పు నుండి చుక్కలుగా రాలుతుంది. రాలే ప్రతి చుక్కా రవంత సున్నాన్ని వదిలిపోతుంది. అలా పైనుండి దిగే రాతి ఊడలు, కింది నుండి లేచే రాతి దిమ్మెలు ఏర్పడ్డాయి. అంగుళం పెరగడానికి వందల ఏళ్ళు పట్టవచ్చు. చేతితో తాకితే మన చర్మపు జిడ్డు అంటి ఆ పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది. పిల్లలను ఈ ఒక్క విషయంలో గట్టిగా కట్టడి చేయాలి. గుహలో ఒకచోట హిందూ సోదరులు శివలింగాన్ని పూజిస్తారు, శివరాత్రికి జాతర జరుగుతుంది. ఆ చోట మర్యాదగా మసలుకోవాలి. మెట్లు ఎక్కువ, తడి ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను బయట చెట్టునీడన కూర్చోబెట్టడం ఉత్తమం.

భోజనం సంగతి కొంత వివరంగా చెప్పక తప్పదు. బొర్రా, అనంతగిరి దారుల్లో పచ్చి వెదురు బొంగులో కోడిమాంసం కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పులపై కాల్చి అమ్ముతారు. నూనె వాడరు. దాని వాసనకు పిల్లలు ఆగరు. తండ్రులేమో జిబహ్ సంగతి అడగడానికి మొహమాటపడి, అయితే కళ్ళు మూసుకుని కొంటారు, లేదా పిల్లలను కసురుకుంటారు. రెండూ అక్కరలేదు. విశాఖలోనే హలాల్ మాంసం కొని, మసాలా పట్టించి డబ్బాలో తీసుకువెళ్ళి, కూలి ఇచ్చి బొంగులో కాల్చిపెట్టమని అడగవచ్చు. దుకాణంలో బతికిన కోడి ఉంటే, తెలిసినవారు బిస్మిల్లాహ్ పలికి తామే జిబహ్ చేసుకోవచ్చు. కాల్చిన బొంగును చీల్చి పారేస్తారు కాబట్టి ప్రతిసారీ కొత్త బొంగే వాడతారు. అంతకుముందు అందులో ఏం వండారోనన్న శంక ఉండదు. కత్తి, గిన్నె మాత్రం కడిగించుకోవాలి. ఇదేదీ కుదరకపోతే అనాసపళ్ళు, ఉడికించిన మొక్కజొన్న దొరుకుతాయి. జీలుగు కల్లు అమ్మేవారూ కనిపిస్తారు. దాని దరిదాపులకు వెళ్ళరాదని వేరే చెప్పనవసరం లేదు.

హనఫీ ఉలమా లెక్కన 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణానికి ఖస్ర్ వర్తిస్తుంది. అరకుకే కాదు, బొర్రాకు వెళ్ళినా ముసాఫిర్లమే. నగర జనావాసాలు దాటింది మొదలు జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జులు రెండేసి రకాతులు. స్థానిక ఇమాము వెనుక చదివితే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. ఇక్కడ ఖిబ్లా దాదాపు పడమర, కాస్త ఉత్తరానికి వాలు. మంచులో సూర్యుడు కనిపించని రోజు దిక్సూచి అక్కరకొస్తుంది. డిసెంబరు, జనవరి చలిలో వుజూ వృద్ధులకు కష్టం. తోలు మేజోళ్ళు తొడుక్కుంటే ముసాఫిరుకు మూడు పగళ్ళు, మూడు రాత్రులు వాటిపై మసహ్ చేసే వెసులుబాటు ఉంది.

అరకులో గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం అందరూ చూపిస్తారు. ఈ తోటను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేశారు. మమ్మల్ని ఆకర్షించినవి కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియపు తీగలు. కాఫీని ప్రపంచానికి అలవాటు చేసింది యెమెన్ సూఫీలేనన్న సంగతి పిల్లలకు చెప్పదగినది. రాత్రి ఆరాధనలలో నిద్ర రాకుండా వారు ఖహ్వా తాగేవారు. హజ్ నుండి తిరిగివస్తూ బాబా బుడన్ మోఖా రేవు నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని ప్రతీతి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2017లోనే ప్యారిస్‌లో దాని పేరిట దుకాణం వెలిసింది. మనం ఇంట్లో మాత్రం ఎక్కడెక్కడివో పొడులు కొంటున్నాము!

ఆ తోటలు సాగుచేసేవారు కొండదొర, బగత, పోర్జ, కోదు మొదలైన తెగల రైతులు. ఈ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనరాదని చట్టముంది. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై ‘సమత’ సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997లో ఆ చట్టాన్ని బలపరిచింది. కొండపై చవకగా జాగా ఇప్పిస్తామని ఎవరైనా చెవిలో ఊదితే నమ్మవద్దు. అది అక్రమమే కాదు, పేదవాని హక్కుపై పడటం. వారి ముంగిట నిలబడి అనుమతి లేకుండా ఫోటోలు తీయడం కూడా మాకు సమ్మతం కాదు. మన స్త్రీలను అలా తీస్తే ఊరుకుంటామా? సంతలో పసుపు, మిరియాలు, చింతపండు వారి చేతి నుండే కొనండి, బేరం మరీ సాగదీయకండి.

వానాకాలంలో వెళ్ళకపోవడమే క్షేమం. కొండచరియలు విరిగి పట్టాలపైనా రోడ్డుపైనా పడతాయి. చాపరాయి వద్ద నీరు నున్నని బండపై పలుచగా పారుతూ అమాయకంగా కనిపిస్తుంది. నాచుపై కాలు జారితే ఆగడం కష్టం. అక్కడ పిల్లల చేయి వదలరాదు. బురఖా కుచ్చెళ్ళు పాదాలకు అడ్డుపడకుండా పైకి కుట్టించుకుంటే మెట్లపైనా బండలపైనా స్త్రీలకు సుఖం. నవంబరు, డిసెంబరులలో లోయంతా వలిసె పూలతో పసుపు పచ్చగా ఉంటుంది. ఆ నెలల్లో ఆదివారాలు జనసమ్మర్దం ఎక్కువ కనుక బస ముందుగానే మాట్లాడుకోవాలి. రెండో రోజు వీలైతే పాడేరు దగ్గరి వంజంగి కొండకు తెల్లవారుజామునే చేరండి. దుప్పటి ఒకటి అదనంగా ఉంటే పరచుకుని అక్కడే ఫజ్ర్ చదవవచ్చు. సలాము తిప్పేసరికి కాళ్ళ కింద లోయ నిండా మబ్బులుంటాయి.