గడియారానికి అందని వేగం!

విజయనగరంలో బయల్దేరిన సరుకుల వ్యాను నెల్లిమర్ల, చీపురుపల్లి, రాజాం, పాలకొండ, పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు, గజపతినగరం, ఆమదాలవలస, శ్రీకాకుళం తిరిగి రావాలి. ఏ ఊరు ముందు, ఏది తరవాత? డ్రైవరు నోటిలెక్కతో తేల్చేస్తాడు. కానీ అన్ని వరసలూ రాస్తూ పోతే 36,28,800 వస్తాయి! ఊళ్లు పదిహేనైతే లక్ష కోట్లు దాటిపోతాయి.

ఇలాంటి చిక్కుల్ని విప్పేవే ఎవల్యూషనరీ ఆల్గరిథమ్స్. వీటికి బాట వేసినవాళ్లలో ఒకడైన అమెరికా శాస్త్రవేత్త జాన్ హాలండ్ 1975లో తన పుస్తకం తెచ్చాడు. తోచిన దారులు కొన్ని రాసుకుని, మంచివి ఉంచి, వాటిని కలిపి, కాస్త మార్చి మళ్లీ పరీక్షించడం... మేలైన వెన్నుల్ని విత్తనానికి ఏరుకునే రైతు పనే ఇది.

మరి ఏ పద్ధతి వేగమైనదో తేల్చేదెలా? సెకన్లు లెక్కపెడితే సరిపోదు. అదే ప్రోగ్రాము కొత్త కంప్యూటర్లో పరుగెడుతుంది, పాతదాంట్లో నడుస్తుంది. ఆ మెప్పు యంత్రానిదే! అందుకే నిపుణులు ఎన్ని దారుల్ని పరీక్షించాల్సి వచ్చిందో లెక్కిస్తారు. పరీక్ష జరిగిన ప్రతిసారీ ఒకటి కలిపే వరస ప్రోగ్రాములో రాసుకుంటే చాలు. అదృష్టం పాలు కూడా ఉంటుంది కాబట్టి, ఒకే పనిని పాతిక ముప్ఫైసార్లు చేయించి సగటు, హెచ్చుతగ్గులు చూస్తారు.

చెప్పినంత తేలిక కాదు ఈ లెక్క. సూరత్ ఎన్ఐటీ ప్రొఫెసర్ రావిపూడి వెంకటరావు (ఇంటిపేరు వింటేనే మనవారని తెలుస్తుంది) 2011లో సహచరులతో కలిసి 'టీచింగ్ లెర్నింగ్' పద్ధతిని ప్రకటించారు. తరగతిలో మాస్టారి నుంచి ఒకసారి, తోటివాళ్ల నుంచి మరోసారి నేర్చుకున్నట్టే ఇందులో ప్రతి జవాబూ తరానికి రెండుసార్లు మెరుగవుతుంది. అంటే రెండు పరీక్షలన్నమాట. ఇద్దరు 'విద్యార్థులు' అచ్చం ఒకేలా తయారైతే ఒకరిని మార్చి మళ్లీ పరీక్షించాలి. ఈ అదనపు పరీక్షలు లెక్కలో లేవని 2012లో మాతేయ్ చ్రెపిన్‌షెక్, మరో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. అదే ఏడాది రావు బృందం వాటినీ కలిపి సూత్రాన్ని స్పష్టంగా రాసింది. 2013లో, రావుతో పనిచేసిన వాఘ్మరే, ప్రయోగాలు సరిగా జరిపితే ఈ పద్ధతి బాగానే పనిచేస్తుందని జవాబిచ్చారు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? వ్యాను దారిని కొలవడం కంప్యూటర్‌కు క్షణం పని. అదే ఓ ఇంజను నమూనాను పరీక్షించడానికి గంట పడుతుందనుకోండి. అయిదు వేల పరీక్షలకు 208 రోజులు. లెక్కకెక్కని అయిదొందలు మిగిలితే, మరో మూడు వారాలు!