చిన్న కొట్టులో పాత వీడియో ఆటల పోటీ



బళ్ళారిలో మాది చిన్న కొట్టు. ముందు వైపు జిరాక్సు, ప్రింటు, లామినేషన్. వెనక వైపు నాలుగు బల్లలు వేసుకుని మా తమ్ముడు టీ, బన్ను అమ్ముతాడు. కాగితాలన్నీ ఫోనులోనే చూపించే రోజులు వచ్చాక జిరాక్సు బేరం సగానికి పడిపోయింది. సాయంత్రం ఆరు దాటితే ఈగలు తోలుకోవటమే పని. అటువంటి రోజుల్లో అటక సర్దుతుంటే మా చిన్ననాటి వీడియో గేమ్ పెట్టె దొరికింది. దాని పుణ్యమా అని ఇవాళ ఆ నాలుగు బల్లలూ సాయంత్రాలు ఖాళీగా ఉండటం లేదు. అయితే మొదటిసారి చేసిన పోటీ మాత్రం బొత్తిగా దెబ్బతింది. ఎందుకు దెబ్బతిన్నదో, తర్వాత ఎలా దారిలో పడ్డదో, మీలో చిన్న కొట్టు నడుపుకునేవారికి పనికివస్తుందని చెబుతున్నాను.

పాత వీడియో ఆటలంటే ఏవో ముందు అనుకుందాం. జపానులో నింటెండో కంపెనీ 1983లో ఫామికామ్ అనే పెట్టెను తెచ్చింది. దానికి నకళ్ళుగా తయారైన పెట్టెలు 1990ల్లో మన ఊళ్ళకు వచ్చాయి. టీవీకి తగిలించి, క్యాసెట్టు గుచ్చి, మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, కారు ఆట ఆడేవాళ్ళం. ఇంట్లో లేనివాళ్ళు రూపాయి బిళ్ళలు పట్టుకుని పార్లరుకు పరుగెత్తేవాళ్ళు. అక్కడ అందరూ ముస్తఫా అని పిలిచిన ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ కంపెనీ 1993లో విడుదల చేసింది. అందులో ఒక వీరుడి పేరు ముస్తఫా, మనవాళ్ళు ఆట మొత్తానికీ ఆయన పేరే పెట్టేశారు. ఆనాడు పదేళ్ళ పిల్లలుగా ఉన్నవాళ్ళకు ఇప్పుడు నలభై దాటాయి. చేతిలో నాలుగు డబ్బులు, సాయంత్రం ఒక గంట తీరిక ఉన్నవాళ్ళు. కొట్టువాడికి అంతకన్నా ఏం కావాలి?

మా మొదటి పోటీ ఒక ఆదివారం పెట్టాం. ఆట స్ట్రీట్ ఫైటర్. 16 మంది పేర్లిచ్చారు. తలకు 50 రూపాయల చొప్పున 800 వచ్చాయి. గెలిచినవాడికి 500 నగదు, 250 రూపాయల కప్పు. మిగిలింది 50. ఓడినవాడు ఇంటికి అనే నాకౌట్ పద్ధతి పెట్టాం. మొదటి వరుస అయ్యేసరికి 8 మంది ఓడిపోయారు, ఓడినవాళ్ళు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. ఇంకొక అరగంటకు కొట్టులో నలుగురు మిగిలారు. దానికి తోడు, మా రెండు జాయ్‌స్టిక్కుల్లో ఒకదానికి టర్బో మీట ఉంది. అది నొక్కి పట్టుకుంటే చాలు, మామూలు మీటను పదిసార్లు గబగబా కొట్టినట్టు దెబ్బలు పడతాయి. అది చేతికి వచ్చినవాడు గెలిచాడని రెండోవాడు పట్టుకున్నాడు. "అన్నా, ఇది ఆటనా, మోసమా?" అని అందరి ముందూ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మా తమ్ముడు అమ్మిన టీలు 22.

ఆ రాత్రి కూర్చుని, ఇటువంటి పని లోకంలో ఎవరైనా ముందు చేశారా అని వెతికితే ఒక ఊరి కథ దొరికింది. అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఒటమ్వా అనే చిన్న పట్టణం. అక్కడ వాల్టర్ డే అనే ఆయన 1981 నవంబరులో ట్విన్ గెలాక్సీస్ పేరుతో వీడియో గేమ్ పార్లర్ తెరిచాడు. అటువంటి పార్లర్లు ఆనాటి అమెరికాలో వీధికొకటి. ఈయనకు వాటికి లేని ఒక అలవాటు ఉంది. పార్లరు తెరవకముందే ఊరూరా తిరిగి ఏ ఆటలో ఎవరు ఎంత స్కోరు చేశారో పుస్తకంలో రాసుకున్నాడు. 1982 ఫిబ్రవరి నుంచి ఆ పట్టికను అందరికీ తెలిసేలా ప్రకటించటం మొదలుపెట్టాడు. అంతే, దేశం నలుమూలల నుంచి ఫోన్లు. మా ఊళ్ళో ఫలానావాడు ఇంత కొట్టాడు, రాసుకోండి అని. ఆ ఏడాది చివరకు లైఫ్ పత్రికవాళ్ళు ఒటమ్వా వచ్చి మేటి ఆటగాళ్ళను నడివీధిలో యంత్రాల పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. 1983 జనవరిలో జరిగిన పోటీని టెలివిజనువాళ్ళు వచ్చి చిత్రించారు. ఊరి మేయరు, మాది ప్రపంచ వీడియో గేముల రాజధాని అని ప్రకటించాడు. 1984 జనవరిలో టిమ్ మెక్‌వే అనే కుర్రాడు నిబ్లర్ అనే పాము ఆటను ఒకే బిళ్ళతో 44 గంటలకు పైగా ఆడి వంద కోట్ల స్కోరు దాటాడు. అదీ అక్కడే.

మరి ఆ పార్లరు ఏమైందంటారా? అదే ఏడాది మార్చిలో మూతపడింది. వంద కోట్ల స్కోరు వచ్చి రెండు నెలలు కూడా నిండలేదు. పార్లర్ల వ్యాపారమే ఆ రోజుల్లో కుంగిపోతోంది, పేరు ఎంత వచ్చినా అద్దె కట్టటానికి పనికిరాలేదు. పట్టిక మాత్రం బతికింది. ట్విన్ గెలాక్సీస్ అంటే ఆ తర్వాత దశాబ్దాల పాటు స్కోర్లు నమోదు చేసే సంస్థ పేరే అయింది.

ఈ కథలో నాకు రెండు సంగతులు కనబడ్డాయి. జనాన్ని లాగింది బహుమతి డబ్బు కాదు, గోడ మీద పేరు. రెండోది, ఆట మీదే అద్దె కట్టాలనుకుంటే కట్టలేం. కొట్టులో అప్పటికే అమ్ముడుపోయేది ఒకటి ఉండాలి, ఆట దాని దగ్గరకు మనిషిని తేవాలి. మేం నగదు బహుమతి మానేసి, ఒక నల్లబల్ల కొన్నాం.

ఇప్పుడు మా పద్ధతి ఇది. వారానికి ఒక ఆట. సోమవారం నుంచి ఆదివారం రాత్రి తొమ్మిది దాకా ఎవరైనా వచ్చి ఆడవచ్చు. ఆటకు రుసుము లేదు, టీ తాగినవారికి ఒక ఆట. పైనున్న పది స్కోర్లు బల్ల మీద సుద్దతో రాస్తాం. మంగళవారం మొదటి స్థానంలో ఉన్నవాడు గురువారం తన పేరు మూడో స్థానానికి జారిందని విని ఆఫీసు నుంచి నేరుగా ఇటే వస్తాడు. వచ్చినవాడు ఒంటరిగా రాడు. ఒక్క ఆదివారం హడావుడికి 22 టీలు పోయినచోట, ఆడేవాడికి ఒకటి, చూసేవాడికి ఒకటి చొప్పున రోజూ పోతున్నాయి. నెలకు ఒకసారి మాత్రం, బల్ల మీద నిలిచినవాళ్ళను పిలిచి ఎదురెదురు పోటీ పెడతాం.

ఆ ఎదురెదురు పోటీకి నాకౌట్ వద్దు. రెండుసార్లు ఓడితేనే బయటకు అనే పద్ధతి పెట్టండి. లెక్క సులువు. 16 మందిలో 15 మంది రెండేసి సార్లు ఓడాలి, అంటే 30 ఆటలు. గెలిచేవాడు కూడా ఒకసారి ఓడితే 31. ఆటకు ఏడు నిమిషాలు వేసుకుంటే ఒక టీవీ మీద మూడున్నర గంటలు పడుతుంది, రెండు టీవీలుంటే రెండు గంటల పైచిలుకు. ప్రతివాడూ కనీసం రెండుసార్లు ఆడతాడు, మొదటిసారి ఓడినవాడు రెండో ఆట కోసం కూర్చుంటాడు, కూర్చున్నవాడు ఏదో ఒకటి తాగుతాడు. 11 మందే వస్తే కంగారు పడవద్దు. 16 గళ్ళ పట్టిక గీసి, చీటీలు తీసి, అయిదుగురికి మొదటి వరుసలో ఆట లేకుండా ముందుకు పంపండి. చీటీలు అందరి ఎదుటా తీయాలి, అది మరిచిపోకండి.

యంత్రం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, తగువులన్నీ అక్కడే పుడతాయి. అందరూ ఒకే యంత్రం, ఒకే టీవీ, ఒకే రకం జాయ్‌స్టిక్కు మీద ఆడాలి. అమెరికా, జపాను యంత్రాలు సెకనుకు 60 సార్లు బొమ్మ గీస్తాయి, మన దేశపు పాత టీవీల పద్ధతి 50 సార్లు. 60కి రాసిన ఆటను మార్చకుండా 50 పద్ధతి యంత్రంలో పెడితే ఆరోవంతు నెమ్మదిగా నడుస్తుంది. ఒక యంత్రం మీద ఒకడు, ఇంకో యంత్రం మీద మరొకడు ఆడి స్కోర్లు పోల్చుకుంటే అది పోటీ ఎలా అవుతుంది? టీవీలోనూ తేడా ఉంది. పాత డబ్బా టీవీలో మీట నొక్కగానే మారియో ఎగురుతాడు. పలక టీవీ బొమ్మను సరిదిద్ది చూపించటానికి కొంత ఆలస్యం చేస్తుంది. సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెడితే ఆ ఆలస్యం చాలావరకు తగ్గుతుంది. బాతుల్ని కాల్చే తుపాకీ ఆట మాత్రం పలక టీవీలో పనిచేయదు, ఆ తుపాకీ డబ్బా టీవీ వెలుగును చూసి పనిచేసేలా చేసింది. డబ్బా టీవీ చెడితే మూత మీరు విప్పకండి. స్విచ్చి తీసేసినా లోపల వేల వోల్టుల కరెంటు నిలవ ఉంటుంది.

క్యాసెట్టు పనిచేయకపోతే మనమంతా ఉఫ్‌మని ఊదేవాళ్ళం. ఊదితే నోటి తడి లోహపు పళ్ళకు పట్టి చిలుము చేస్తుంది. దూది పుల్లను ఐసోప్రొపిల్ ఆల్కహాలులో ముంచి తుడిచి, ఆరనిచ్చి పెట్టండి. అడాప్టరు మారిస్తే వోల్టులతో పాటు ప్లస్సు, మైనస్సు ఏ వైపు ఉన్నాయో చూసుకోండి. మా రెండో యంత్రం అలాగే కాలిపోయింది.

ఇంకొక మాట. ఒకే క్యాసెట్టులో వందల ఆటలున్నాయని అమ్మినవన్నీ హక్కుదారుల అనుమతి లేని నకళ్ళే. మేమూ మొదట వాటితోనే ఆడించాం, తర్వాత మానుకున్నాం. కంపెనీలే పాత ఆటలను మళ్ళీ విడుదల చేశాయి. నింటెండో 2016లో 30 ఆటలతో ఒక బుల్లి పెట్టె తెచ్చింది, క్యాప్‌కామ్ 2018లో 12 స్ట్రీట్ ఫైటర్ ఆటలను ఒకచోట చేర్చింది. అయితే ఆ బుల్లి పెట్టెలో ఆటను మధ్యలో ఆపి, దాచి, మళ్ళీ అక్కడి నుంచే ఆడే సౌకర్యం ఉంది. పోటీలో అది కూడదని ముందే చెప్పాలి.

నియమాలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. టర్బో మీట వాడరాదు. మారియోలో గొట్టాల దొడ్డిదారి, అంటే ఒకటో లోకం నుంచి నేరుగా నాలుగుకు పోయే దారి, ఒప్పుకుంటారా లేదా? కాంట్రాలో 30 లైఫులు వచ్చే మీటల మంత్రం ఒప్పుకుంటారా? ఏదైనా సరే, ఆట మొదలయ్యాక నిర్ణయించకూడదు. స్కోరుకు కొట్టులో ఉన్న ఇద్దరు సాక్షులుండాలి, తెర ఫోటో తీయాలి. మా కాగితం కన్నడంలోనూ తెలుగులోనూ ఉంది. హోసూరులో అయితే తమిళం, బరంపురంలో ఒడియా, షోలాపూరులో మరాఠీ చేర్చుకోండి. లేకపోతే మనవాళ్ళు మనవాళ్ళకే పెట్టుకున్న పోటీ అనే మాట వస్తుంది. మాకు వచ్చింది కూడా.

చట్టం గురించి. వీడియో గేమ్ పార్లర్లకు లైసెన్సు ఉండాలని అడిగే అధికారం ప్రభుత్వానికి ఉందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది, ఆ కేసు వెళ్ళింది మా కర్ణాటక నుంచే. ఆన్‌లైనులో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. కొట్టులో టీవీ ముందు ఆడే ఆట ఆన్‌లైను కాదు, నిజమే. కానీ తలా కొంత వేసి గెలిచినవాడికి ఇవ్వటం చూసేవాడికి పందెంలాగే కనబడుతుంది. కాబట్టి రుసుము వద్దు, నగదు వద్దు. బహుమతి కొట్టు తరఫున ఒక కప్పో, నెల రోజుల టీయో ఇవ్వండి. ఆట మీద డబ్బు వసూలు చేయదలిస్తే మాత్రం ముందుగా మీ పురపాలక కార్యాలయంలోనూ పోలీసు స్టేషనులోనూ అడిగి తెలుసుకోండి, రాష్ట్రానికొక పద్ధతి ఉంది. పక్కనున్నవాళ్ళు ఆట మీద బెట్టింగు కాస్తుంటే ఆట ఆపేయండి. మేం ఒకసారి ఆపాం. నాలుగు రోజులు నలుగురు ముఖం చాటేశారు, అయిదో రోజు వచ్చారు.

పిల్లలను బడి వేళల్లో రానివ్వం, పరీక్షల నెలలో బల్ల తుడిచేసి ఉంచుతాం. ఆదివారం ఉదయం మాత్రం ట్యాంకుల ఆట జంటల పోటీ. అందులో ఇద్దరూ ఒక పక్షమే, మధ్యనున్న గద్ద బొమ్మను కాపాడాలి. తండ్రీ కొడుకులు, తల్లీ కూతుళ్ళు వస్తారు. మొన్న ఒక పెద్దాయన మనవరాలితో వచ్చి, "ఏమప్పా, ఈ డబ్బా టీవీ ఇంకా ఆడతాదా?" అని అడిగాడు. తీరా చూస్తే 1990ల్లో ఆయనకు పార్లరు ఉండేదట. ఆ మనవరాలు తొమ్మిదో స్టేజీలో గద్దను పోగొట్టింది. పెద్దాయన ఒక్క మాట అనకుండా ఇంకో రెండు టీలు చెప్పాడు.

ఈ వారం మా బల్ల మీద ఆట గలాగా. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి బల్ల ఫోటో తీసి, స్కోర్లు పుస్తకంలోకి ఎక్కించి, తడిగుడ్డతో తుడిచి, వచ్చే వారం ఆట పేరు రాస్తాం.

సెలవు.