తిథికి పూయవలసిన బంతి

పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై నేడు ములుగు జిల్లాకు చెందిన మేడారము, తాడ్వాయి అడవుల నడుమ జంపన్నవాగు చెంతనున్న చిన్న గ్రామమే యైనను, రెండేండ్లకొకమారు మాఘ పౌర్ణమి సమీపించునప్పటికి, కన్నెపల్లి నుండి సారలమ్మయు చిలుకలగుట్ట నుండి సమ్మక్కయు గద్దెల మీదికి వేంచేయు ఆ నాలుగు దినములలో, మహానగరములను మించిన జనసమూహమునకు నెలవగును. అమ్మవార్లకు సమర్పించు ముఖ్యమైన కానుక బెల్లము; దానినే భక్తులు బంగారమందురు. అయినను గద్దెల అలంకారమునకును, గుమ్మముల తోరణములకును, జాతరకు కదలు బండి ముందు వ్రేలాడు దండకును కావలసినది బంతిపువ్వు. ఆ నాటికి తోట నిండు పూతలో నుండవలెను. విరివిగా పూచు దినములు ముందే గడచిపోయినను, చెట్టు ఇంకను మొగ్గ దశలోనే నిలచినను, ధర పలుకు దినమున కోయుటకు పువ్వుండదు. బంతిసేద్యములోని నేర్పంతయు ఇక్కడనే యున్నది: తిథిని నిర్ణయించువాడు చంద్రుడు, పువ్వును విప్పువాడు సూర్యుడు, వీరిరువురి లెక్కలను పొందుపరచవలసినవాడు రైతు.

ఆ లెక్కలు ఏటేటికి మారునవి. మేడారము మహాజాతర 2018లో జనవరి 31న, 2020లో ఫిబ్రవరి 5న, 2022లో ఫిబ్రవరి 16న, 2024లో ఫిబ్రవరి 21న ఆరంభమై, 2026లో ముందునకు జరిగి జనవరి 28న ఆరంభమైనది. చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములే యగుటచేత పండుగలు ఏటికి పదునొకండు దినముల వంతున ముందునకు వచ్చుచుండును. అధికమాసము పడిన యేడు మరల వెనుకకు పోవును. పంచాంగము చూడక, నిరుడు చల్లిన తేదీకే ఈయేడును విత్తనము చల్లిన రైతునకు చంద్రుడు మూడు వారముల వరకు అంతరము చూపగలడు.

సూర్యుని లెక్క వేరు. బంతి పగటి నిడివిని గమనించి పూచు మొక్క. పగలు కురుచయైన కొలది త్వరగా మొగ్గ తొడుగును, పగలు దీర్ఘమైనచో ఆకును కొమ్మను పెంచుకొనుచు పూతను వాయిదా వేయును. మేడారము ప్రాంతమున వేసవి నడుమ పగలు సుమారు 13 గంటలు, శీతకాలపు నడుమ సుమారు 11 గంటలు. ఈ రెండు గంటల తేడాయే బంతికి చాలును. దీని పుట్టినిల్లయిన మెక్సికో దేశపు నడిభాగమును రమారమి మన అక్షాంశములలోనే యున్నది. మెక్సికో నగరము భూమధ్యరేఖకు ఉత్తరమున 19 డిగ్రీల పైచిలుకు దూరమున నుండగా మేడారము 18 డిగ్రీల పైచిలుకున నున్నది. అచ్చట నవంబరు మొదటి రెండు దినములలో జరుగు పితృదేవతల పండుగకు సమాధుల మీద బంతిరేకులు పరచుట పురాతనాచారము. పగలు తగ్గుచున్న ఋతువున పూచు స్వభావమును ఈ మొక్క ఆ నేలనుండియే వెంట తెచ్చుకొన్నది.

సమ్మక్క కాకతీయ ప్రతాపరుద్రుని సేనలతో పోరాడెనని స్థలగాథ. కాకతీయ సామ్రాజ్యము 1323లో అస్తమించినది. కొలంబసు అమెరికా దీవులను చేరినది 1492లో. బంతి మన తీరములకు పోర్చుగీసువారి నావలతో 16వ శతాబ్దమున వచ్చెనని పలువురి అభిప్రాయము. కావున ఆ వీరమాత జీవించిన దినములలో ఈ పువ్వు మన దేశమున లేదు. ఏటూరునాగారము, మంగపేట ప్రాంతముల పొలములను ఎర్రబరచు మిరపయు అట్లే వచ్చిన అతిథియే. వచ్చిన మీదట రెండును ఇంతగా మనవై పోయినవి గనుకనే బంతి లేని గుమ్మమును, మిరప లేని కూరను మనము ఊహింపజాలకున్నాము.

వృక్షశాస్త్రజ్ఞులు బంతిని ఆస్టరేసి యను సూర్యకాంత కుటుంబమున చేర్చినారు. సుమారు 32 వేల జాతులున్న ఈ మహాకుటుంబమున చామంతి, పొద్దుతిరుగుడు, కుసుమ, గుంటగలగర మొదలు మన పొలములను పట్టి పీడించు వయ్యారిభామ వరకు నున్నవి. వీటి పోలికను తెలిసికొనుటకు ఒక బంతిని తొడిమతో సహా నిలువున చీల్చి చూచిన చాలును. మనము రేకయని పిలుచు ప్రతిదాని అడుగునను సన్నని తెల్లని కాడ, ఆ కాడలో ఒక చిరు అండాశయము, రేక మొదట రెండుగా చీలిన కీలాగ్రము కనబడును. అనగా ఒక్కొక్క రేకయు స్త్రీపుష్పమే. నడుమ గొట్టములవలె నిలచినవి పుప్పొడియు అండాశయమును గల ద్విలింగపుష్పములు. మనము ఒక పువ్వని చెవిలోనో జడలోనో తురుముకొనునది ఒక పుష్పసభ. ఎండిన తరువాత అందలి ఒక్కొక్క పువ్వు, కొసను పొట్టు వన్నె కేశములు గల నల్లని సన్నని గింజగా మిగులును. ముద్దబంతిలో నడిమి పువ్వులు కూడ రేకలుగా మారుటచేతనే దానికా నిండుదనము. పుప్పొడి తగ్గుటచేతనే దానికి గింజ తక్కువ. రేకబంతికి రూపము చిన్నదైనను సంతానము మెండు.

సేద్యమునకు వచ్చినచో, నీరు నిలువని యే నేలయైనను బంతికి చాలును. ఎర్ర చెల్కలు మిక్కిలి అనుకూలము, రేగడి నేలలలో బోదెలు కట్టి నాటుట మేలు. నారుమడిని నేలకన్న జానెడెత్తున లేపి, బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపి, గింజలను వరుసలలో పలుచగా చల్లి, పైన సన్నని మట్టి కప్పవలెను. వారము లోపల మొలక కనబడును. నారుమడిలో నీరెక్కువై గాలి తక్కువైనచో మొదలు కుళ్ళి నారు పడిపోవును. గింజకు ట్రైకోడెర్మా పట్టించుట, చిక్కగా చల్లకుండుట దీనికి తగిన రక్షణలు. 25 నుండి 30 దినముల నారును సాయంకాలము పెరికి నాటి వెంటనే తడి ఇచ్చినచో మరునాటి యెండకు వాడదు. ముద్దబంతిని వరుసకు వరుసకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్లు ఎడముంచి నాటిన ఎకరమునకు సుమారు 15 వేల మొక్కలు పట్టును.

ఇక నాటిన 60 దినముల ప్రాంతమున తొలి పువ్వు. నారుమడి దినములు కలిపి, విరివిగా కోతకు వచ్చుటకు మరి పది దినములు చేర్చినచో సుమారు నూరు దినములగును. ఆ లెక్కన 2024 ఫిబ్రవరి 21 నాటి జాతరకు అంతకు ముందటి యేట నవంబరు 13న, 2026 జనవరి 28 నాటి జాతరకు 2025 అక్టోబరు 20న గింజ నేలను తాకవలసి యుండెను. రకమును బట్టి యీ లెక్క మారును. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా నారంగి గెందా యను నారింజ వన్నె బంతి, విత్తిన 123 నుండి 136 దినములకు పూతకు వచ్చును. దానిని ఎన్నుకొన్నవాడు నెల ముందుగా మేల్కొనవలెను.

లెక్క కొంచెము తప్పినను సవరించుకొనుటకు రైతు చేతిలో ఒక ఉపాయమున్నది. నాటిన 30, 40 దినములకు మొక్క నడిమి చిగురును రెండు వ్రేళ్ళ సందున పట్టి తుంచివేసినచో, పైకి పోవు సత్తువ ప్రక్క కొమ్మలకు మళ్ళును. తొలిపూత కొన్ని దినములు వెనుకబడును. కాని గుబురుగా పెరిగిన ఆ మొక్క మీద మొగ్గల సంఖ్య పెరుగును. దిగుబడి కొరకై చేయు ఈ పని కాలమును కూడ జరుపు సాధనము. జాతర దూరముండి మొక్క తొందరపడుచున్నప్పుడు తలలు తుంచవలెను. జాతర దగ్గరపడినప్పుడు తుంచక విడువవలెను. తుంచిన వెనుక కొద్దిగా నత్రజని ఎరువు వేసి తడి ఇచ్చినచో ప్రక్క చిగుళ్ళు త్వరగా సాగును. నత్రజని మితిమీరినచో ఆకు మాత్రమే పెరుగును.

బతుకమ్మ నాటి బంతి కథ ఇంతకన్న కష్టతరము. తంగేడు, గునుగు అడవులలోను గట్ల మీదను తమంతట తామే పూయును. బంతిని మాత్రము ఎవరో ఒకరు పెంచి యుండవలెను. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఆరంభమగు పండుగ 2023లో అక్టోబరు 14న, 2025లో సెప్టెంబరు 21న వచ్చినది. ఈ పూతకు జ్యేష్ఠాషాఢములలో, అనగా పగళ్ళు దీర్ఘముగా నున్నప్పుడే, విత్తనము చల్లవలెను. మొక్క ఏపుగా పెరిగి, పూత ఆలసించి, వానగాలికి ఒరుగును. అందుచేత వర్షాకాలపు తోటలో తలలు తుంచుట, మొదళ్ళకు మట్టి ఎగద్రోయుట, అవసరమైనచో కర్ర ఊతమిచ్చుట తప్పనివి. శీతకాలపు తోట ఇంత శ్రమ పెట్టదు. ఎనిమిది పది దినములకొక తడి చాలును. కాని మొగ్గ కనిపించిన నాటినుండి నేల బెట్టకు రానీయరాదు.

శత్రువులు లేకపోలేదు. పొడి వాతావరణమున ఆకు అడుగున ఎర్రనల్లి చేరి గూడు అల్లును, మంచు రోజులలో బూడిద తెగులు వచ్చును. రెంటికిని నీటిలో కరిగే గంధకమును లీటరునకు 3 గ్రాముల వంతున ఎండ లేని వేళ చల్లుదురు. మొగ్గను తొలుచు శనగపచ్చపురుగు కథ వింతైనది. ఆ రెక్కల పురుగునకు బంతిమొగ్గ మీద గ్రుడ్లు పెట్టుట ప్రీతి. ఆ ప్రీతిని కనిపెట్టిన శాస్త్రజ్ఞులు బంతిని ఎర పంటగా వాడుట నేర్పిరి: టమాట చేనున 14, 16 వరుసలకొక వరుస చొప్పున, టమాట నారు కన్న వయసు మీరిన బంతి నారును నాటినచో, రెండును ఒకే వేళ పూతకు వచ్చి, పురుగు బంతిమీద వ్రాలును. ఇక్కడను విజయము వయోభేదపు లెక్కలోనే యున్నది. పత్తి, మిరప చేల అంచులలో బంతి నాటుటయు ఈ యాలోచన చేతనే. దీని వేళ్ళలోని టెర్థియనైల్ అను పదార్థము నేలలోని నులిపురుగులకు విషము. ఎర పంటమీది గ్రుడ్లను పురుగులను ఏరి నాశనము చేయనిచో మాత్రము ఎర వేసినవాడే పురుగును పెంచినవాడగును.

కోత ప్రొద్దుటనో సాయంకాలముననో చల్లని వేళ జరుగవలెను. ముందు ఒక తడి ఇచ్చిన తోటలోని పువ్వు ఎక్కువ సేపు వాడక నిలుచును. పూర్తిగా విచ్చినదానిని చెట్టుననే వదలినచో అది గింజ కట్టుటలో మునిగి, క్రొత్త మొగ్గలకు చేరవలసిన సత్తువను హరించును. కావున అంగడిలో ధర లేని దినమునను కోయుట మానరాదు. అమ్ముడుపోని పువ్వు వ్యర్థము కాదు. ఎండబెట్టిన రేకల నుండి తీయు లూటీన్ కోళ్ళ మేతలో కలిసి గ్రుడ్డు సొనకు పసిమి తెచ్చును. పటికతో ఉడికించిన రేకలు నూలునకు పట్టునకు నిలుకడ గల పసుపు రంగునిచ్చును.

తిథిని మార్చుట, పగటి నిడివిని తగ్గించుట రైతు వశమున లేవు. ఆతని వశమున నున్నవి విత్తు దినము, తుంచు దినము, రకము. కనుక ఎకరమంతయు ఒకేమారు నాటి అదృష్టమునకు విడుచుటకన్న, నారును పదేసి దినముల ఎడముతో మూడు మడులుగా పోసి, మూడు దఫాలుగా నాటుట వివేకము. చలి పెరిగి ఒక మడి ఆలసించినను మరొకటి అందుకొనును. జాతర ముగిసిన వెనుక మిగిలిన మడి పెండ్లిండ్ల దండలకు పనికివచ్చును. మొదటి మడిలో గుబురుగా, తెగులు లేక పెరిగిన నాలుగు మొక్కలను కోయక గింజకు విడువవలెను. సంకర రకపు గింజ తల్లిని పోలదు గనుక నాటు రకములకే ఈ మాట వర్తించును. ఎండిన గింజను నీడన ఆరబెట్టి, సంచి మీద కోసిన తేదీని వ్రాసి యుంచుకొన్నవాడు, క్రొత్త పంచాంగము చేతికి వచ్చిన నాడే వచ్చు పండుగ తిథి చూచి, అక్కడనుండి నూరు దినములు వెనుకకు లెక్కించుకొనవచ్చును.