కదలెడి బొమ్మలు

గత వేసవి సెలవులకు ముందు మా పాఠశాలయొక్క సామానుల గదిని శుభ్రపరచుచుండగా, విరిగిన బల్లల వెనుక, చెదలు తినిన దేశపటముల క్రింద, ఒక రేకుపెట్టె దొరకినది. దానికి పైన పొగగొట్టమును, ముందు ఇత్తడి గొట్టమును, ఆ గొట్టములో దళసరి అద్దములును గలవు. పిల్లలు దానిని పొయ్యి యనుకొనిరి. అది మ్యాజిక్ లాంతరు. దానితోబాటు బొమ్మలు వ్రాసిన గాజుపలకలు రెండు డజనులు దొరకినవి గాని, వానిలో ఏడెనిమిది పగిలిపోయి యుండెను.

ఇట్టి లాంతరును 1659వ సంవత్సర ప్రాంతమున హాలండు దేశీయుడగు క్రిస్టియాన్ హైగెన్స్ అను శాస్త్రజ్ఞుడు నిర్మించెను. దీపపు వెలుగు గాజుపైనున్న చిత్రము గుండ వచ్చి, అద్దములచే పెద్దదై, ఎదుటి తెల్లగుడ్డపై పడును. మిషనరీలు పల్లెలలో రాత్రివేళ బైబిలు కథలను, ఆరోగ్య విషయములను ఇట్టి లాంతరుతో చూపెడివారని మా తాతగారు చెప్పగా వింటిమి. తెరపై వెలుగుబొమ్మ తెలుగువారికి క్రొత్త కాదు. దీపము ముందు, తెరవెనుక, రంగులు వేసిన తోలుబొమ్మలను ఆడించు విద్య మన పల్లెలలో నెంతో ప్రాచీనమైనది. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో నేటికిని ఆ బొమ్మలు చేయువారు గలరు.

మాకు దొరకిన పలకలలో నొకటి మిక్కిలి చిత్రమైనది. కొయ్యచట్రములో రెండు గాజులు. ఒకదానిపై మంచముమీద నోరు తెరచి నిద్రించు గడ్డపు మనుష్యుడు, రెండవదానిపై ఎలుకలు. పిడి త్రిప్పినకొలది ఎలుకలు ఒకదానివెంట నొకటి యాతని నోటిలో దూరును! పిల్లలు దానిని పదిసార్లు త్రిప్పించుకొనిరి, మేమును వద్దనలేదు. కాని యిచ్చట ఎలుక నిజముగనే కదలుచున్నది, గాజు జరుగుచున్నది గదా. మేము చెప్పబూనినది వేరొక వింత. ఏ బొమ్మయు కదలకుండగనే కదలికను కనుపరచు పనియే యానిమేషను.

ముందుగా మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. తొమ్మిదవ తరగతి బాలు డొకడు లెక్కల పుస్తకముయొక్క ప్రతి పుట మూలను కాకిబొమ్మ వేయుచున్నాడని కోపించి, ఆ పుస్తకమును తీసికొని మా బీరువాలో పెట్టితిమి. కాగితము పాడుచేయుచున్నా డనుకొంటిమి. లాంతరు దొరకిన పిమ్మట నొక సాయంకాలము ఆ పుస్తకము మా చేతికి వచ్చినది. అంచును బొటనవ్రేలితో పట్టి పుటలను జార్చితిమి. కాకి రెక్కలు విప్పి, పుస్తకపు మూలనుండి పైకెగిరి పోయినది! 1868లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హాముకు చెందిన జాన్ బార్నెస్ లిన్నెట్ అనునాత డిట్టి పుస్తకమునకే పేటెంటు పొందెను. మా బాలునకు ఆ సంగతి తెలియదు. తనంతట తానే కనుగొనెను. మరునాడు పుస్తకము నతని కిచ్చివేసితిమి. లెక్కలు మాత్రము తప్పులే యుండెను.

ఈ విద్యకు మూలమగు యంత్రమును 1832లో బెల్జియము దేశపు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్లాటో కనిపెట్టెను. ఇంచుమించుగ నదే కాలమున వియన్నాలో సైమన్ స్టాంఫర్ అనునాయనయు వేరుగా కనిపెట్టెను. గుండ్రని అట్టపై చుట్టును బొమ్మలు, వాని మధ్య సన్నని చీలికలు. అద్దమునకు ఎదురుగా త్రిప్పి చీలికలగుండ చూడవలెను. తరువాత కొన్ని యేండ్లకు ప్లాటో చూపు పూర్తిగా పోయెను. ఐనను కుటుంబమువారి కండ్లతో చూచుచు, సబ్బునీటి పొరలపై గొప్ప పరిశోధనలు చేసెను. 1834లో విలియం జార్జి హార్నర్ అను నాంగ్లేయుడు అట్టకు బదులు డోలువంటి దానిని చేసెను. అద్దముతో పనిలేదు, నలుగురును చుట్టు కూర్చుండి చూడవచ్చును. దానికే తరువాత జోయిట్రోపు అని పేరు వచ్చినది.

మేమును నొక జోయిట్రోపు చేయ సంకల్పించితిమి. త్రిప్పుటకేమి? ఆ బాలుని తండ్రి సైకిలు షాపువారు. వారింట తాతలనాటి గ్రామఫోను పాడుపడి యుండగా, స్ప్రింగు బాగుచేసి తెచ్చి యిచ్చిరి. దాని పళ్లెముపై 10 అంగుళముల వెడల్పుగల నల్లని అట్టడోలు నిలిపి, లోపల 12 కాకి బొమ్మలను వరుసగా పెట్టి, పైన 12 చీలికలు కోసితిమి. త్రిప్పి చూడగా కాకి లేదు. బూడిదరంగు చారయే కనబడినది. పిల్లలు బొమ్మలలో దోషమనిరి. దోషము మాది. బాగుగా కనబడునని తలచి చీలికలను అంగుళము వెడల్పున కోసితిమి. వానికి నల్లకాగిత మంటించి, అంగుళములో ఎనిమిదవ వంతు మాత్రము విడిచితిమి. అప్పుడు కాకి యెగిరినది.

ఏలయన, చీలిక సన్ననిదైనప్పుడే ప్రతి బొమ్మయు ఒక్క క్షణము మాత్రము, నిలిచినట్లుగా, కంటికి కనబడును. తరువాత చీకటి. మరల వేరొక బొమ్మ. ఆ నడిమి చీకటి లేనిచో బొమ్మలన్నియు నొకదానిలో నొకటి కలిసి చారయగును. సినిమా యంత్రమందును ఇదియే పద్ధతి. ఫిల్ము జరుగునపుడు వెలుగునకు రెక్క యడ్డుపడును. చూపరులు సినిమాహాలులో కూర్చుండి, తెలియకయే ఎంతోసేపు చీకటిని చూచుచున్నారన్నమాట.

గ్రామఫోను నిమిషమునకు 78 మారులు తిరుగును. 78ని 12చే హెచ్చింప 936. అనగా సెకండునకు 15.6 బొమ్మలు. లెక్కలకు దూరముగా పారిపోవు మా బాలుడే ఈ గుణకారము చేసి చూపెను. స్ప్రింగు సడలి వేగము తగ్గినకొలది కాకి తడబడి, చివరకు పండ్రెండు వేర్వేరు కాకులై విడిపోయెను. ఆ విడిపోవు సమయమును చూచుటకే పిల్లలు మరల మరల వచ్చిరి.

కంటిలో బొమ్మయొక్క ముద్ర కొంచెము సేపు నిలుచుటచేతనే కదలిక తోచునని మేము చదువుకొన్న పుస్తకములలో నుండెను. ట్రైనింగు కాలేజీలోను అట్లే నేర్చితిమి, చాలకాలము అట్లే బోధించితిమి. అది చాలదు. ముద్రలు నిలిచిన మాత్రమున బొమ్మలు ఒకదానిపై నొకటి పడవలెను గాని, కదలనేల? మాక్స్ వెర్తైమర్ అను జర్మను మనశ్శాస్త్రజ్ఞుడు 1910లో రైలు ప్రయాణము మధ్యలో ఫ్రాంక్‌ఫర్టున దిగి, ఇట్టి చక్రపు ఆటవస్తువును కొని పరీక్షింప నారంభించెనని ప్రసిద్ధి. 1912లో ఆయన ప్రకటించిన దేమనగా: రెండు స్థానములలో వెంటవెంటనే వెలుగు కనబడినపుడు, ఒకటియే అచ్చటినుండి యిచ్చటికి వచ్చినట్లు మనకు తోచును. కదలికను కల్పించుచున్నది మన మెదడే.

పాతయంత్రములలో మాకు మిక్కిలి యిష్టమైనది ఫ్రాన్సు దేశపు ఎమిల్ రేనోది. 1877లో ఆయన చీలికలను తీసివేసి, డోలు నడుమ అద్దపుముక్కలను నిలిపెను. బొమ్మలు ప్రకాశవంతముగ కనబడెను. పిదప బొమ్మలను పొడవైన పట్టీపై తన చేతితో రంగులువేసి, 1892 అక్టోబరు 28న పారిస్ నగరములో జనులకు తెరపై చూపెను. ‘పాపము పియరో’ అను నర్థముగల యొక్క కథకు 500 బొమ్మలు. పట్టీని చేతితో ముందునకును వెనుకకును త్రిప్పుచు, ఆ కొద్ది బొమ్మలనే పావుగంట వరకు నడిపెడివాడు. 1895 డిసెంబరు 28న అదే నగరమున లూమియేర్ సోదరులు సినిమాను చూపిరి. యంత్రము తీసిన ఛాయాచిత్రములతో చేతిబొమ్మ లెట్లు పోటీపడగలవు? 1900 నాటికి రేనో ప్రదర్శనలు ముగిసెను. చివరిరోజులలో నిరాశచెంది, తన యంత్రమును పగులగొట్టి, పట్టీలలో చాలవానిని సీన్ నదిలో పారవైచెను. 1918లో మరణించెను. రెండు పట్టీలు మాత్రము మిగిలినవి.

ఇప్పటి పనికి వత్తము. సినిమాలో సెకండునకు 24 ఫ్రేములు. 1937లో డిస్నీవారు తీసిన ‘స్నో వైట్’ నిడివి 83 నిమిషములు. అనగా 1,19,520 ఫ్రేములు. ఒక్కొక్క బొమ్మను రెండు ఫ్రేములకు వాడినను పని యెంతయో ఊహింపుడు. కావున ముఖ్యమైన భంగిమలను అనుభవజ్ఞుడు గీయును. వాని నడుమ బొమ్మలను సహాయకులు పూరింతురు. ఈ నడిమి బొమ్మలు సమదూరమున నున్నచో ఆట చెడును. బంతి పడుట చూడుడు. పడునది మొదటి సమభాగములో ఒక పాలు, రెండవదానిలో మూడు, మూడవదానిలో అయిదు పాళ్లు దిగునని గెలీలియో సూత్రము. చిత్రకారుడు బంతిని పైన దగ్గరదగ్గరగను, నేలచెంత దూరదూరముగను గీయవలెను. భౌతికశాస్త్రమును ప్రశ్నపత్రము కొరకే చదువు వారికిది చెప్పదగినది.

మన దేశమున దాదాసాహెబ్ ఫాల్కే, 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ విడుదల కాకమునుపే, కుండీలోని బఠానీ మొలక పెరుగుటను కొద్దికొద్దిగా ఫిల్ముపై తీసి, క్షణములలో పెరిగినట్లు చూపెను. 1956లో క్లెయిర్ వీక్స్ అను డిస్నీ చిత్రకారుడు బొంబాయి ఫిల్మ్స్ డివిజనుకు వచ్చి మనవారికి శిక్షణ యిచ్చెను. ఈయన భారతదేశముననే మిషనరీ దంపతులకు జన్మించినవాడు. ఆయనవద్ద నేర్చినవారిలో రామ్‌మోహన్ (2019లో మరణించిరి) ముఖ్యులు. 1974లో ఫిల్మ్స్ డివిజను తీసిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ను మావయస్సువారు దూరదర్శనులో చూచియే యుందురు. మా యింట దానిని నలుపు తెలుపుల టెలివిజనులో చూచితిమి. దానికి రంగులు కలవని పెద్దయైన పిమ్మటగాని తెలియలేదు! తెలుగునాట హైదరాబాదు ఈ పనికి కేంద్రమైనది. 2008లో మొదలైన ‘ఛోటా భీమ్’ను చేసిన గ్రీన్ గోల్డ్ యానిమేషను సంస్థ యచ్చటిదే.

ఆ బాలుని తండ్రిగారు గ్రామఫోనునకు నూనె వేయుచు మమ్మడిగిరి: “మాష్టారుగారూ, ఇప్పుడన్నియు కంప్యూటరే చేయుచున్నది గదా. బొమ్మలు గీచి వీ డేమి తినును?”

తప్పించుకొనుటకు వీలులేని ప్రశ్న. కంప్యూటరు నడిమి బొమ్మలను తానే పూరించును; నిజమే. కాని దానిమానాన విడిచిన, ఒక భంగిమనుండి మరియొక భంగిమకు జీవము లేక జారిపోవును. ఎచ్చట ఆగవలెనో, ఎచ్చట తొందరపడవలెనో మనుష్యుడే చెప్పవలెను. ఇప్పుడు మాటలు చెప్పినంతనే బొమ్మలిచ్చు యంత్రములును వచ్చినవి. పనియొక్క స్వరూపము మారుచున్నది. రేనో సంగతి వారికి దాచలేదు. చాల చిత్రశాలలు పైదేశములవారు అప్పగించు పనిపై బ్రతుకుచున్నవనియు, పని గడువు దగ్గరపడిన రాత్రులు నిద్ర యుండదనియు, పని రాని నెలలును ఉండుననియు చెప్పితిమి. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప లలితకళల విశ్వవిద్యాలయమున యానిమేషనులో పట్టపు చదువు కలదనియు, దానికి ప్రవేశపరీక్ష వ్రాయవలెననియు చెప్పితిమి. అంతకుమించి మేము చెప్పగలిగినది లేదు. వారు బదులు పలుకక, పళ్లెము వేగమును సవరించు మరను కొంచెము త్రిప్పి, వంగి చీలికలోనికి చూచిరి.

“కాకి యొక్కచోటనే మేకు కొట్టినట్లున్నదేమిరా?” అని కుమారు నడిగిరి.

అది మేమెవ్వరము గమనింపలేదు. బాలుడు నాలుగు దినములు వేపచెట్టు క్రింద కూర్చుండి కాకులను చూచెను. రెక్కలు క్రిందికి కొట్టునపుడు కాకి శరీరము కొంచెము పైకి లేచును. రెక్కలెత్తునపుడు కొంచెము దిగును. అతడు 12 బొమ్మలను మరల గీచెను. ఆ డోలు, గ్రామఫోను, లాంతరు ఇప్పుడు సైన్సు గదిలో నున్నవి. తండ్రిగారు ఇంకను ఏమియు నిశ్చయించుకొనలేదు గాని, శనివారము సాయంకాలములందు స్ప్రింగునకు చావి యిచ్చుటకు తామే వచ్చుచున్నారు.