మారువేషంలో చట్టం – ‘పోకిరి’ ఇతివృత్తంపై ఒక పరిశీలన

నేరస్థుల ముఠాలో మారువేషంతో చేరిన పోలీసు కథను కాలక్షేపం కింద జమకట్టి మన విమర్శకులు చాలాకాలంగా పక్కన పెడుతున్నారు. లక్షలాది జనం చూసి, సంభాషణలు కంఠస్థం చేసుకున్న కథ వాళ్ల మనసుల్లో ఏ భావాలు నాటుతున్నదో పరిశీలించకపోవడం అభ్యుదయ విమర్శకు తగదు. అందుకే 2006 ఏప్రిల్ 28న విడుదలైన ‘పోకిరి’ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. పూరి జగన్నాథ్ రాసి దర్శకత్వం వహించిన ఈ చిత్రాన్ని తరువాత తమిళంలో (2007), హిందీలో (2009), కన్నడంలో (2010) మళ్లీ తీశారు. ఏ భాషలోనైనా చెల్లుబాటయ్యే సూత్రం ఒకటి దీని నిర్మాణంలో ఉన్నదన్నమాట. ఆ సూత్రం ఏమిటో చూద్దాం.

హైదరాబాదులో నారాయణ ముఠాకూ, అలీభాయ్ ముఠాకూ ఆధిపత్యం కోసం పోరు. డబ్బిస్తే ఎవరినైనా కొట్టే పండు ఒక ముఠాకు పనిచేసి, రెండోదానిలో చేరతాడు. శ్రుతి అనే దిగువ మధ్యతరగతి యువతిని అతను ప్రేమిస్తాడు. ఆమెను సబ్‌ఇన్‌స్పెక్టర్ పశుపతి వేధిస్తూ ఉంటాడు. కమిషనర్ అలీభాయ్‌ని అరెస్టు చేయగా, ముఠా ఆయన కూతుర్ని ఎత్తుకుపోతుంది. ముఠాలో పోలీసు మనిషి ఒకడున్నాడని ఆమె నోట బయటపడుతుంది. అతను విశ్రాంత ఇన్‌స్పెక్టర్ సూర్యనారాయణ కొడుకని తెలిసి, ముఠా మొదట ఆయన పెంపుడు కొడుకును, తరువాత ఆయనను చంపుతుంది. తండ్రి శవం దగ్గరకు వచ్చిన పండే కృష్ణమనోహర్ ఐ.పి.ఎస్. అని అప్పుడు ప్రేక్షకుడికి తెలుస్తుంది.

ఈ ఒక్క ఘట్టంలోనే కథ కీలకమంతా ఉన్నది. అంతవరకు పండు చేసిన కొట్లాటలూ హత్యలూ ఆ క్షణం నుండి ‘డ్యూటీ’గా మారిపోతాయి. చేసిన పని అదే. చేతులు అవే. మారింది హోదా ఒక్కటే. మా బడిలో పదవ తరగతి పిల్లలను ఒకసారి అడిగాను: “పండు చివరికి పోలీసు కాకపోతే అతన్ని ఏమనేవారు?” “అప్పుడు వాడు రౌడీ కద సార్” అన్నారు వెంటనే. హింసను దాని స్వభావాన్ని బట్టి కాక, చేసినవాడి ఉద్యోగాన్ని బట్టి తూచడం పిల్లలకు ఇంత సులువుగా అలవడింది.

మారువేషం మన సాహిత్యానికి కొత్తది కాదు. భారతంలో విరాటపర్వమంతా మారువేషమే. పశుపతి వంటి కీచకుడు అక్కడా ఉన్నాడు. కాని తేడా గమనించండి. వలలుడే భీముడని పాఠకుడికి మొదటినుండి తెలుసు. అంతేకాదు, సైరంధ్రి ముందుగా రాజసభకు వచ్చి మొరపెట్టుకుంటుంది. ఆ సభ మౌనం వహించిందన్న విషయాన్ని కవి మన కళ్లముందు పెట్టిన తరువాతనే కీచకవధ జరుగుతుంది. వధకంటె ముందు వ్యవస్థ వైఫల్యం విచారణకు వచ్చింది. ‘పోకిరి’లో ఆ సభ లేదు. శ్రుతి ఏ న్యాయస్థానం గడపా ఎక్కదు.

2002లో హాంగ్‌కాంగ్‌లో వచ్చిన ‘ఇన్‌ఫర్నల్ అఫైర్స్’ కూడా ముఠాలోని పోలీసు కథే. దానిని మార్టిన్ స్కార్సెసీ 2006లోనే ‘ది డిపార్టెడ్’గా బోస్టన్ నగరానికి మార్చి తీశారు. ఆ రెంటిలోనూ మారువేషగాడెవరో ప్రేక్షకుడికి ముందే తెలుసు. కాబట్టి దృష్టి అతని లోపలి చీలిక మీద నిలుస్తుంది. రోజూ నేరస్థుడుగా బతికేవాడిలో పోలీసు ఎంత మిగులుతాడన్న ప్రశ్న పుడుతుంది. రహస్యాన్ని ప్రేక్షకుడి నుండి దాచిన ‘పోకిరి’లో ఆ ప్రశ్నకు చోటే లేదు. ఆశ్చర్యం దక్కింది, అంతస్సంఘర్షణ పోయింది.

దీనికి పరిశ్రమ స్వభావంలోనూ కారణం ఉన్నది. 1989లో వచ్చిన ‘అంకుశం’లో పోలీసు యూనిఫాంలోనే పోరాడాడు. అదే ఏడు ‘శివ’లో విద్యార్థి పోలీసు కాకుండానే రౌడీలను ఎదిరించాడు. ‘పోకిరి’ ఈ రెంటినీ ఒకే శరీరంలో కలిపింది. వీధి తెగువ నేల తరగతికి, ఐ.పి.ఎస్. హోదా బాల్కనీకి! జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ఆఫీసుల్లో ఒక తార మీద కోట్లు పెట్టినప్పుడు, ఆ తార గౌరవం కూడా పెట్టుబడిలో భాగమే. పక్కనే కృష్ణానగర్ ఇరుకు గదుల్లో కథలు పట్టుకుని ఎదురుచూసే యువ రచయితలు ఈ లెక్కను మొదటి పాఠంగా నేర్చుకోక తప్పడం లేదు.

ఈ చిత్రంలో సత్యం లేదని నేననను. పశుపతి సత్యం. శ్రుతిపై అత్యాచారం జరిగినట్టు ఇరుగుపొరుగును నమ్మించి, ఆమెకు పెళ్లి కాకుండా చేయజూసే ఆ పోలీసువాణ్ణి పేదల పేటల్లో ఎవరైనా గుర్తుపడతారు. ప్రజల భయాన్ని రచయిత సరిగానే పట్టుకున్నాడు. కాని పరిష్కారం దగ్గర ఆ భయాన్ని దారి మళ్లించాడు. చివరికి కృష్ణమనోహర్ అలీభాయ్‌తో పాటు పశుపతినీ చంపుతాడు. చెడ్డ పోలీసుకు విరుగుడు చట్టం కాదు, చట్టాన్ని అడగని మరో పోలీసే అన్నది దీని సారాంశం.

ఇది తెరమీద ఆగిపోయే భావం కాదు. పోలీసు కాల్పుల్లో ఎవరైనా మరణిస్తే స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ జరగాలని 2014లో సుప్రీంకోర్టు నిర్దేశించింది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోగా, జనం పోలీసులపై పూలు చల్లారు. చంపే ఉద్దేశంతోనే వారిపై కాల్పులు జరిపారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ అభిప్రాయపడింది. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చింది. ఆ పూలకు సినిమాలే కారణమంటే అది తొందరపాటు. ఆ దారుణం రేపిన ఆగ్రహం న్యాయమైనది, కోర్టుల జాప్యం నిజమైనది. అయితే విచారణను అడ్డంకిగా, తూటాను తీర్పుగా చూడటానికి మన కళ్లకు ఏళ్ల తరబడి అభ్యాసం చేయించిన కథలు ఉన్నాయన్నది కూడా నిజమే.

ఈ ఇతివృత్తాన్ని యువ రచయితలు వదలిపెట్టనక్కరలేదు. ముఠాలున్నాయి, పశుపతులున్నారు. అయితే రహస్యాన్ని మొదటి పేజీలోనే విప్పి రాయండి. తను పోలీసునని తెలిసి మొదటి మనిషిని చంపిన రాత్రి అతనికి నిద్ర ఎలా పట్టిందో రాయండి. చచ్చినవాడి తల్లి ఏ స్టేషను మెట్లెక్కిందో, అక్కడ ఆమె ఫిర్యాదు ఎవరు రాసుకున్నారో రాయండి. వేషం విప్పగానే ఒళ్లంతా కడుక్కున్నట్టయ్యే కథలు ఇప్పటికే చాలా ఉన్నాయి. వేషం విప్పినా చేతికంటిన రక్తం కనిపించే కథ ఇంకా రావలసి ఉన్నది.