వార్తల్లో పదం: ఫేషియల్ రికగ్నిషన్

2021 మే నెల, లాక్‌డౌన్ రోజులు. హైదరాబాద్‌లో ఒక సామాజిక కార్యకర్త బండిని పోలీసులు ఆపారు. మాస్కు తియ్యమన్నారు. ఆయన తియ్యనన్నా ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటోను ఏం చేస్తారో తెలియక, పోలీసుల ఫేషియల్ రికగ్నిషన్ వాడకాన్ని ప్రశ్నిస్తూ ఆయన హైకోర్టు తలుపు తట్టారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

ఫేషియల్ రికగ్నిషన్ అంటే ముఖం చూసి మనిషిని పోల్చుకోవడం. కళ్లు, ముక్కు, దవడల పొందికను కృత్రిమ మేధ ఒక అంకెల వరుసగా మారుస్తుంది. దాన్ని తన దగ్గరున్న ఫొటోల వరుసలతో సరిచూసి, దగ్గరి పోలికలున్న వాటిని ముందు పెడుతుంది. అంతవరకే దాని పని. పోలికనే రుజువనుకుంటే ముప్పు.

ఆ ముప్పేమిటో అమెరికాలోని డెట్రాయిట్‌లో రాబర్ట్ విలియమ్స్‌కు తెలిసొచ్చింది. వాచీల దుకాణంలో దొంగతనం జరిగింది. సీసీ కెమెరాలోని మసక బొమ్మకు ఆయన పాత డ్రైవింగ్ లైసెన్సు ఫొటో సరిపోయిందని సాఫ్ట్‌వేర్ చూపింది. 2020 జనవరిలో భార్య, ఇద్దరు ఆడపిల్లలు చూస్తుండగానే ఇంటి ముందు సంకెళ్లు వేశారు. దాదాపు 30 గంటలు నిర్బంధించారు. ఆయన ఏ తప్పూ చేయలేదు.

ఇదే పరిజ్ఞానం తల్లుల కన్నీళ్లూ తుడిచింది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన బాలుడు అస్సాంలోని ఒక బాలల సదనంలో ఉన్నట్టు తెలంగాణ పోలీసుల ఫేషియల్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్ ‘దర్పణ్’ పట్టుకుంది. అయిదేళ్ల తర్వాత, 2020లో పిల్లాడు ఇల్లు చేరాడు.

పోలీసులు దీన్ని ఎప్పుడు, ఎవరి మీద వాడాలో చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. కెమెరాలు పెంచేముందు ఆ చట్టం రావాలి.