మీకు తెలుసా? భుజం మీదుగా విసిరినా అది చేతి పట్టే!

జూడోలో ఎక్కువమందికి తెలిసిన పట్టు సెయోయి నాగే. ఎదుటివాణ్ణి వీపు మీదికి ఎత్తుకుని భుజం మీదుగా ముందుకు విసరడం. చూసేవాళ్లు ఇదంతా భుజబలం అనుకుంటారు. అయితే 1882లో జిగోరో కానో టోక్యోలో స్థాపించిన జూడో బడి కోడోకాన్ దీన్ని చేతి పట్లలో చేర్చింది. కనీసం నడుము పట్లలో కూడా కాదు!

కారణం పట్టు వేసే తీరులోనే ఉంది. ముందు ఎడమ చేత్తో ఎదుటివాడి కుడి చొక్కాచేతిని పట్టి పైకీ, తనవైపుకీ గుంజాలి. అతని మడమలు లేచి బరువంతా మునివేళ్ల మీదికొస్తుంది. ఆ క్షణంలోనే గిరుక్కున తిరిగి, కుడిచేతిని అతని చంక కింద దూర్చి, మోకాళ్లు వంచి, తన నడుమును అతని నడుముకన్నా కిందికి దించాలి. ఆదోని మార్కెట్ యార్డులో శెనక్కాయల మూటకు వీపు ఆనించి కాళ్ల సత్తువతో లేచే హమాలీని గమనించండి, ఒడుపు అర్థమవుతుంది. కాకపోతే మూట ఎదురు తిరగదు, మనిషి వెనక్కి గుంజుకుంటాడు. అందుకే చేతులు లాగుతూనే ఉండాలి. లాగుడు ఆగిందా, మన వీపే వాడికి దొరికిపోతుంది.

మన కుస్తీలో ధోబీ పాట్ దాదాపు ఇదే. కుస్తీలో ఒంటిమీద చొక్కా ఉండదు కాబట్టి చేతినే పట్టుకుంటారు. జూడోలో పట్టు దొరికేది చొక్కా మీదే. అది దళసరి నూలుతో, ఎంత గుంజినా చిరగకుండా నేసినది. దాని నేత గొప్పదనం ఎమ్మిగనూరు మగ్గాలవాళ్లకు వేరే చెప్పాలా!

ఈ పట్టుకు పెట్టింది పేరు జపాన్ వీరుడు తోషిహికో కోగా. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కు కొద్దిరోజుల ముందు సాధనలో అతని మోకాలు దెబ్బతింది. ఈ పట్టుకు ప్రాణం మోకాళ్లే కదా! అయినా నొప్పి తెలియకుండా సూదులు వేయించుకుని బరిలో దిగి, 71 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఎదుటివాడు వేగంగా, బలంగా వెల్లకిలా పడితే అది ఇప్పోన్, ఆట అక్కడితో సరి. అందుకే జూడోలో విసరడంకన్నా ముందు పడడం నేర్పుతారు. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకు తగలకూడదు, అరచేయీ ముంజేయీ కలిపి చాపను చరచాలి. పిల్లలూ, ఇది రాకుండా, మెత్తని చాప లేకుండా, గురువు పక్కన లేకుండా సెయోయి నాగే జోలికి పోకండి.